శాబాద్ బండల కింద

పోయిన వారం మనం సుమంగళను ఎర్ర దీపం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

నారాయణఖేడ్ దాటి బీదర్ వైపు పోయే రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన జొన్నరొట్టెల హోటల్ ఆమెది. రోడ్డు వెడల్పు చేసి నున్నగా తారు పోశాక కార్లు దూసుకుపోవడమే తప్ప ఆగడం మానేశాయి. కిందటి దసరాకు ముందు ఒక కరెంటు కారు చార్జింగ్ అయిపోయి, సరిగ్గా ఆమె హోటల్ ముందే మొరాయించింది. పిండి గిర్ని ప్లగ్గుకు తగిలించుకోనిచ్చింది సుమంగళ. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో కారులోని ఆరుగురూ రొట్టెలు తిన్నారు, కునుకు తీశారు, లేచి మళ్లీ తిన్నారు, పోతూ పోతూ జొన్నపిండి కూడా కట్టించుకున్నారు. ఆగినవాడికి ఆకలేస్తుందన్న సంగతి ఆమెకు ఆ రోజే తట్టింది. అప్పటి నుంచి చార్జింగ్ కంపెనీ వెంటపడి, వాళ్లు వద్దన్న కొద్దీ ఫోన్లు చేసి, చివరికి హోటల్ ముందు నిలువెత్తు మిషన్ పెట్టించుకుంది. మూడు వారాలు అది బంగారంలా పని చేసింది. నాలుగు రోజుల నుంచి మాత్రం ఏ కారుకు తగిలించినా ఎర్ర దీపమే.

ఇవాళ ఆఖరి పరీక్ష. సాయంత్రం నాలుగింటిలోగా ఒక్క కారుకైనా అరగంట సేపు ఆగకుండా కరెంటు ఎక్కాలి. ఎక్కకపోతే మిషన్‌ను పెరికి, కిలోమీటరున్నర అవతలున్న శివరాజ్ సేఠ్ పెట్రోలు బంకులో పాతేస్తారు. ఆ బంకులోనే సుమంగళ భర్త బసవరాజ్ పదిహేనేళ్లుగా పెట్రోలు కొడుతున్నాడు. నిద్రలో కూడా "జీరో చూసుకోండ్రి సార్" అని కలవరించే మనిషి. పెళ్లాం మిషన్ పెట్టిస్తోందని సేఠ్‌కు తెలిసిన నాటి నుంచి ఆ కలవరింతలు కూడా భయం భయంగానే వస్తున్నాయి.

మధ్యాహ్నం రెండున్నర. చైత్రమాసపు ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. కంపెనీ ఇంజనీరు చందన మిషన్ పక్కన గొంతుక్కూర్చుని చేతిలో మీటరు వంక చూస్తోంది. పాతికేళ్లుంటాయేమో. పరీక్ష కోసం హైదరాబాద్ నుంచి తన సొంత కారులోనే వచ్చింది. అందులో ఇప్పుడు ఆరు శాతం చార్జింగ్ మిగిలింది. అంటే మిషన్ మొండికేస్తే సుమంగళతో పాటు ఆ పిల్ల కూడా ఇక్కడ చిక్కుకున్నట్టే.

"ఏమంటున్నది మేడం?" అంది సుమంగళ.

"మిషన్ మంచిగనే ఉందక్కా. ఎర్తింగ్ దొరకతలేదు. భూమితోని పట్టు లేకుంటే ఈ మిషన్ కరెంటు ఇయ్యదు, మనుషులకు షాక్ కొట్టొద్దని. పది లోపల చూపెట్టాలి మీటరు. ముప్పై ఎనిమిది చూపెడుతుంది."

"మొదలు మంచిగనే ఉండె గదా?"

"అప్పుడు మూడే ఉండె. రిపోర్టుల రాసుంది." చందన నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "ఈ జాగ నేలే మంచిది కాదని, లోపలంతా ఎండి గట్టిపడ్డదని ఆఫీసోళ్లు అంటున్నరు. బంకు కాడైతే నల్లరేగడి ఉంది, అక్కడ పట్టు దొరుకుతదట."

సుమంగళ తల తిప్పి రోడ్డు అవతలికి చూసింది. వేపచెట్టు నీడలో చిన్న క్రేన్ బిగించిన లారీ ఒకటి పొద్దుటి నుంచి ఆగి ఉంది. మిషన్‌ను పెరకడానికి వచ్చిన లారీ. దాని డ్రైవరు, క్లీనరు ఆమె హోటల్లోనే కూర్చుని ఆమె రొట్టెలే తింటూ, పచ్చిపులుసు ఇంకొంచెం పోయమంటున్నారు. పీక కోయడానికి వచ్చినవాడికి కత్తి నూరి ఇచ్చినట్టుంది సుమంగళకు. అయినా పోసింది. హోటల్ అన్నాక ఆకలైనవాడికి పెట్టక తప్పదు.

"పరీక్ష కాకముందే లారీని పిలిస్తిరి మేడం. గంత నమ్మకమా, నేను ఓడిపోతనని?"

చందన తలెత్తింది. "నేను పిలవలేదక్కా. నేనొచ్చేసరికే ఉంది. ఎవరు పంపిన్రో నాకు గూడ తెల్వదు."

"మాకు పొద్దుగాల ఆరింటికే ఫోనొచ్చింది," అన్నాడు డ్రైవరు నోట్లో ముద్ద పెట్టుకుని. "ఐదింటికల్లా మిషన్ బంకు కాడ ఉండాలె అన్నరు. ఎవలో ఏమో, పెద్ద మాటలు మాట్లాడిన్రు."

ఆ సంగతి అడిగి తేల్చుకునేలోపే జీపు శబ్దం వినబడింది. శివరాజ్ సేఠ్ దిగాడు. తెల్లటి లాల్చీ, నుదుట అడ్డంగా మూడు విభూతి గీతలు, ముఖాన ఇంకా గెలవని పందేన్ని అప్పుడే గెలిచేసిన నవ్వు. వెనక సీటు నుంచి బసవరాజ్ కూడా దిగాడు, ఒంటి మీద బంకు నీలం అంగీతో. సామాను మోయడానికి పనికొస్తాడని సేఠ్ తీసుకొచ్చాడు. మొగుణ్ని ఆ పనికి, తన గడప ముందుకే తేవడం చూస్తే సుమంగళకు ఒళ్లు మండింది.

సేఠ్ కుర్చీ లాక్కుని, కాళ్ల కింది నేలను మెచ్చుకోలుగా చూశాడు. "శాబాద్ బండలు! మంచిగ పరిచినవ్ సుమంగళా. షహర్ల హోటల్ లెక్క కనబడుతుంది."

నిజంగానే మంచి బండలు. కార్లవాళ్లు దిగితే కాళ్లకు బురద అంటకూడదని, తాండూరు దాకా పోయి ఒక్కో బండను వేలితో తట్టి ఏరుకుంది. ఎనిమిది రోజుల కిందటే పరిపించింది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడుచుకుంటోంది. వాటిని చూసినప్పుడల్లా ఆమెకు గుండె నిండుతుంది.

"నీ మీద నాకు కోపం లేదమ్మా," అన్నాడు సేఠ్. "మిషన్ నా బంకుకు పోనీ. నీ రొట్టెల దుకాణం గూడ అక్కడనే పెట్టుకో. కిరాయి వద్దు. బోర్డు మాత్రం నాదుంటది. బసవన్న పెట్రోలు కొడుతడు, నువ్వు రొట్టెలు కొడుతవ్. ఇద్దరూ ఒక్క నీడకే ఉంటరు."

మాట చక్కెరలా ఉంది. ఒక్క క్షణం సుమంగళ నిజంగానే తూగింది. బంకు ముందు బస్సులు ఆగుతాయి, లారీలు ఆగుతాయి, ఎర్ర దీపాల బాధ ఉండదు. కానీ బోర్డు మాత్రం ఆయనది. ఆగినవాడికి ఆకలేస్తుందని కనిపెట్టింది తనైతే, రేపు ఆ బోర్డు కింద నిలబడి ఇంకొకరి హోటల్లో పిండి పిసకాలి.

"వద్దు సేఠ్. ఇంకా గంటన్నర ఉన్నది."

"గంటన్నరల నేలను మారుస్తవా?" సేఠ్ పకపకా నవ్వాడు.

సరిగ్గా అప్పుడు వంటింటి వైపు నుంచి అత్త గుండమ్మ అంట్లు కడిగిన నీళ్ల బకెట్ ఈడ్చుకుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. బండలు పరిచిన రోజు నుంచి కోడలితో మాటల్లేవు. మాటల్లేవంటే నేరుగా లేవు, గోడకూ గొడ్డుకూ చెప్పినట్టు అన్నీ వినిపిస్తూనే ఉంటుంది.

"నలభై ఏండ్ల సంది కడుగునీళ్లు గీ వాకిట్లనే పోసిన," అంది గుండమ్మ రేకుల కప్పుతో. "ఇప్పుడేమో వాకిలి షోకు జేసిన్రు. నీళ్లు పోస్తే పాడైతదట! నడుము ఇరిగేటట్టు యెనుకకు మోసుకపోవాలె. సాకప్పా సాకు, చాలిగ గీ బతుకు. మనిషికి దూపయితే నీళ్లిస్తం, నేలకు దూప గాదా?"

సుమంగళ చేతిలోని పెనం గరిటె ఆగిపోయింది.

నేలకు దూప.

ఆమె పుట్టిల్లు నాగల్‌గిద్ద పక్కన ఒక పల్లె. ఎండాకాలం బోరు మోటారు ఎత్తుకోనప్పుడల్లా వాళ్ల నాయన రెండు బిందెలు భుజాన వేసుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయేవాడు. దాని పక్కన నేలలోకి దిగిన తీగ మొదట్లో నీళ్లు పోసి, కాసేపు కూర్చుని బీడీ కాల్చుకుని వచ్చేవాడు. వచ్చేసరికి మోటారు గుయ్యిమని అందుకునేది. ఊళ్లో రైతులందరూ చేసే పనే. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "దానికి దూపయితదే బిడ్డా" అనేవాడు. అప్పుడు నవ్వుకుంది.

మిషన్ పెట్టినప్పుడు కూలీలు ఎర్తింగ్ గుంత ఎక్కడ తవ్వారు? వాకిట్లో ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు వెతికి మరీ తవ్వారు. బొగ్గు, ఉప్పు నింపి, రాగి పట్టీ దించి, పైన ఇనుప మూత పెట్టారు. గుండమ్మ కడుగునీళ్లు రెండున్నర వారాలు రోజుకు నాలుగు బకెట్లు ఆ గుంతకే పోయాయి. ఆ తర్వాత ఎవరు ఆపారు? ఎవరు ఆ మూత కూడా కనబడకుండా అందమైన బండలు కప్పేశారు?

సుమంగళకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అదే సమయానికి నవ్వు కూడా వచ్చింది. ఇంత తెలివిగల దాన్నని విర్రవీగుతూ, తన మిషన్ గొంతు తనే నొక్కింది!

"మేడం! నేల మంచిదే. నేనే చంపిన దాన్ని. గుంత గీ బండల కింద ఉన్నది. దానికి నీళ్లు బందయి ఎనిమిది రోజులాయె!"

చందన మీటరు జారవిడిచినంత పని చేసింది. "గుంత మీద బండలు పరిచిన్రా? అయ్యో అక్కా! ఎండాకాలం గుంతల తడి ఉండాలి. ముందే చెప్పొద్దా?" చటుక్కున లేచి మిషన్ మెయిన్ ఆఫ్ చేసింది. "తవ్వండి, జల్దీ తవ్వండి. టైం రెండు యాభై!"

"గడ్డపార!" అని అరిచింది సుమంగళ. గడ్డపార గిర్ని గోడకు ఆనించి ఉంది. దానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడు బసవరాజ్. అతని చెయ్యి ముందుకు కదిలింది.

"బసవా," అన్నాడు సేఠ్, గొంతు పెంచకుండానే. "గది ముట్టినవంటే రేపటి సంది బంకుకు రాకు."

లారీ డ్రైవరు నమలడం ఆపేశాడు. సుమంగళ మొగుడి ముఖం చూడలేక తల దించుకుంది. పదిహేనేళ్లలో ఆయన సేఠ్ మాటకు ఎదురాడింది లేదు. తనే పోయి గడ్డపార అందుకోబోయింది.

బసవరాజ్ మెల్లగా అంగీ గుండీలు విప్పాడు. పై నుంచి కిందికి ఒక్కోటీ. విప్పిన అంగీని బంకులో రోజూ మడిచినట్టే శుభ్రంగా నాలుగు మడతలు వేశాడు. తీసుకెళ్లి సేఠ్ ఒళ్లో పెట్టాడు.

"ఉతికిందే సేఠ్," అన్నాడు.

బనియను మీద వచ్చి గడ్డపార ఎత్తాడు. పెళ్లయి ఇన్నేళ్లకు మొగుడు ఇంత పొడుగు మనిషని సుమంగళకు ఇప్పుడే తెలిసింది.

"యే బండ?" అన్నాడు బసవరాజ్.

అక్కడే చిక్కు వచ్చి పడింది. వాకిలంతా ఒకే తీరు బండలు, నలభైకి తక్కువ లేవు. గుంత ఎక్కడుందో సుమంగళకు లీలగా గుర్తు, అంతే. చందన ఫోనులో పాత ఫొటోలు వెతుకుతోంది. అవి ఎంతకూ తెరుచుకోవు.

గుండమ్మ బకెట్ కింద పెట్టింది. గడప మీద నిలబడి, రోజూ నీళ్లు చల్లేటప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే కుడికాలు ముందుకు వేసి, ఖాళీ చేతులతో ఒకసారి విసిరి చూసుకుంది. ఆ విసురు పడ్డ చోటికి నడిచి ఒక బండ మీద నిలబడింది.

"ఇది," అంది కోడలితో. ఎనిమిది రోజుల్లో నేరుగా అన్న మొదటి మాట అదే.

మొదటి దెబ్బకు బండ నెర్రె ఇచ్చింది. ఆ చప్పుడు సుమంగళకు ఒంట్లో తగిలింది. రెండో దెబ్బకు నాలుగు ముక్కలైంది. కింద సిమెంటు, దాని కింద ఇనుప మూత! చందన కేరింత కొట్టింది. మూత లేపితే లోపల బొగ్గు బూడిదలా పొడిపొడిగా ఉంది. సుమంగళ కడుగునీళ్ల బకెట్ ఎత్తి కుమ్మరించింది. గుంత గటగటా తాగేసింది, చుక్క మిగల్చలేదు. ఇంకో బకెట్. అదీ పోయింది. లారీ క్లీనరు ఆగలేక లేచి వచ్చి బోరు నుంచి బిందెలు అందించసాగాడు. వాడి వెనకే డ్రైవరు. మిషన్‌ను పెరకడానికి వచ్చినవాళ్లే దానికి నీళ్లు మోస్తుంటే సేఠ్ ముఖం చూడాలి!

గుండమ్మ వంటింట్లోకి పోయి రెండు గుప్పిళ్ల నిండా రాళ్ల ఉప్పు తెచ్చింది.

"అత్తా, ఇప్పుడు దిష్టి తీసుడేంది?"

"ఉప్పు కావాల్సిందే అక్కా! అవ్వా, ఇంకింత తే," అంది చందన.

గుండమ్మ కోడలి వంక చూసిన చూపు ఎలాంటిదో అత్తలున్న పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

చందన మీటరు పెట్టింది. "ఇరవై ఆరు... పదిహేడు... పోయండి, ఆపకండి... పదకొండు..." "ఏడు! అక్కా, ఏడు!" మెయిన్ వేసింది. తన కారుకు చార్జింగ్ గన్ తగిలించింది. మిషన్ ఒకసారి గుర్రుమంది, ఎర్ర దీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఆరిన చోట పచ్చగా వెలిగింది.

సుమంగళ అరిచిన అరుపుకు రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది. మూడూ ఇరవై రెండు. అరగంట నిలవాలి. సేఠ్ లేచి, ఒళ్లోని అంగీని ఏం చేయాలో తోచక చంకలో పెట్టుకుని, జీపెక్కి వెళ్లిపోయాడు. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ పచ్చ దీపం మీదే. ఇరవై నిమిషాలు. ఇరవై ఐదు. గుండమ్మ శివా శివా అనుకుంటూ పది నిమిషాలకోసారి చెంబెడు నీళ్లు పోస్తూనే ఉంది. మూడూ యాభై రెండుకు చందన చెయ్యి పైకెత్తింది.

"పాస్!"

ఆ తర్వాత కాసేపు ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో చెప్పడం కష్టం. సుమంగళ మాత్రం అత్త చేతులు పట్టుకుని, "నీ కడుగునీళ్లే నన్ను బతికిచ్చినయ్ అత్తా," అంది. "ఇగ యెనుకకు మొయ్యకు. గీడనే పొయ్యి."

"పోస్త తియ్యి," అంది గుండమ్మ ముక్కు చీదుకుంటూ.

చందన ఫోనులో ఏదో నొక్కి చూపించింది. దారి పటంలో నారాయణఖేడ్ దగ్గర కొత్తగా ఒక పచ్చ చుక్క. "ఇప్పుడు ఈ రోడ్డు మీద పోయే కరెంటు కార్లన్నిటికీ మీ హోటల్ కనబడుతదక్కా." సుమంగళ ఆ చుక్కను వేలితో తాకింది. ఇంత చిన్నదా, ఇన్ని నెలల పరుగు! అయినా కళ్లు తిప్పుకోలేకపోయింది.

ఫోను టింగుమంది.

"అప్పుడే బుకింగా!" చందన ఎగిరి గంతేసింది. "నాలుగు శాతమే ఉన్నదట. ఎంత దూరంలో ఉన్నడంటే... కిలోమీటరున్నర."

సుమంగళ, బసవరాజ్ ఒకరినొకరు చూసుకున్నారు. కిలోమీటరున్నర దూరంలో బంకు తప్ప వేరే ఏముంది?

ఐదు నిమిషాల్లో వచ్చింది. కొత్త తెల్ల కారు, ముందు బంతిపూల దండ, బానెట్ మీద పసుపు కుంకుమలు. పగిలిన బండముక్కల పక్కనే ఈసురోమంటూ ఆగింది. నడుపుతున్నది శివరాజ్ సేఠ్. అద్దం దించలేదు, తల తిప్పలేదు. వెనక తలుపు తీసుకుని కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దిగాడు.

చందన ముఖంలో నవ్వు ఇంకిపోయింది. "సార్... మీరు? మీరు ఇయ్యాల హైదరాబాద్‌ల మీటింగ్ అన్నరు గదా?"

"ఇటేదో పని ఉండి..." అన్నాడాయన. చందన పై ఆఫీసరు. ఫలితం రాకముందే లారీకి ఫోను చేసిన పెద్ద మాటల మనిషి ఎవరో సుమంగళకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వెనక సీట్లో గుండ్రంగా చుట్టిన ఎర్ర రిబ్బను, దాని పక్కన కొత్త కత్తెర, అచ్చు వేసిన కార్డుల కట్ట కనబడుతూనే ఉన్నాయి. పై కార్డు మీద బంకులో చార్జింగ్ మిషన్ ప్రారంభోత్సవమని అచ్చయి ఉంది, కింద ఇవాళ్టి తేదీ. సాయంత్రం ఐదు గంటలు.

ఆఫీసరు కంగారుగా తలుపు మూయబోయాడు. అప్పటికే సుమంగళ చెయ్యి లోపలికి పోయి ఒక కార్డు పట్టుకుని బయటికి వచ్చింది.

బసవరాజ్ బనియను మీదే వెళ్లి మిషన్ నుంచి గన్ తీశాడు. కారుకు తగిలించి, ముందు అద్దాన్ని వేలితో రెండుసార్లు తట్టాడు. అద్దం జానెడు దిగింది. లోపల సేఠ్ పక్కసీట్లో నీలం అంగీ నాలుగు మడతల మీదే ఉంది.

"జీరో చూసుకోండ్రి సేఠ్," అన్నాడు బసవరాజ్.

సేఠ్ చూడలేదు. ఆఫీసరు గొంతు సవరించుకుని సుమంగళ వైపు తిరిగాడు. "ఎంతసేపు పడుతుందమ్మా?"

"నలభై నిమిషాలు సార్." సుమంగళ కుర్చీ తెచ్చి, పగిలిన బండ పక్కనే, గుంత ఎదురుగా వేసింది. కార్డును ఆయన చేతిలో పెట్టింది. "కూసోండ్రి, రొట్టె వేస్త. అందాక గీ కార్డుల ఏం రాసున్నదో జర గట్టిగ సదువుండ్రి. మా అత్తకు గూడ ఇనబడాలె."